మస్ట్, షుడ్, మే: ప్రమాదం దగ్గర ఇంగ్లీషు మాటను సరిగా అందుకోవడానికి చేయవలసినవి, చేయకూడనివి

డ్రిల్లింగ్ మిషన్ పక్కన గోడ మీద ఒక బోర్డు ఉంటుంది: ‘గ్లవ్స్ మస్ట్ నాట్ బి వోర్న్’. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు దాన్ని ‘గ్లౌజులు వేసుకోనక్కర్లేదు’ అని చదువుకుంటాడు. అక్కర్లేదన్నారే గాని వద్దనలేదు కదా, చేతులకు నూనె అంటకుండా ఉంటుందని వేసుకుంటాడు. తిరుగుతున్న బిట్టుకు గ్లౌజు కొస చిక్కిందంటే వేలితో పోదు, చేతినే లోపలికి లాక్కుంటుంది. ఆ బోర్డు చెప్పింది ‘అక్కర్లేదు’ అని కాదు, ‘వేసుకోకూడదు’ అని.

ఈ పొరపాటు చదువురానివాళ్లకే జరుగుతుందనుకోవద్దు. ‘మస్ట్’ అంటే తప్పనిసరి అని బడిలో నేర్చుకున్నాం. దానికి ‘నాట్’ చేరిస్తే ‘తప్పనిసరి కాదు’ అని అర్థం వస్తుందని మనసు తనంతట తానే లెక్క కట్టేస్తుంది. కాని ఇంగ్లీషులో ఆ లెక్క చెల్లదు. ‘మస్ట్ నాట్’ అంటే ‘చేయకుండా ఉండడం తప్పనిసరి’. మనకు ‘కూడదు’, ‘అక్కర్లేదు’ అని రెండు వేర్వేరు మాటలు ఉన్నాయి. తెలుగులో ఆ రెంటినీ ఎవరూ కలిపేసుకోరు. ఇంగ్లీషులోకి వెళ్లగానే కలిసిపోతున్నాయి.

మరో చిక్కు మన ‘చెయ్యాలి’తో వస్తుంది. ‘హెల్మెట్ పెట్టుకోవాలి’ అంటాం, ‘రోజూ కాసేపు నడవాలి’ అనీ అంటాం. మొదటిది చట్టం, రెండోది సలహా. ఎవరు అంటున్నారు, ఏ గొంతుతో అంటున్నారు అన్నదాన్ని బట్టి తేడా పట్టుకుంటాం. ఇంగ్లీషు ఆ తేడాను క్రియ ముందున్న చిన్న మాటలోనే పెడుతుంది. దాన్ని దాటేసి చదివితే ఆజ్ఞ సలహాగా, సలహా ఆజ్ఞగా మారిపోతుంది.

పరవాడ ఫార్మా సిటీలో రసాయన పీపాల మీద, గల్ఫ్ రిఫైనరీ గేటు దగ్గర, విశాఖ రేవుకొచ్చే ఓడల్లో, విదేశీ ఆసుపత్రి ఇచ్చే కాగితాల్లో మనవాళ్లు ఈ ఇంగ్లీషునే చదువుతున్నారు. అందుకే ఇది వ్యాకరణ పాఠంగా కాక భద్రతా సూచనలుగా రాస్తున్నాను.

ముందు తెలుసుకోవలసింది: ఏ మాటకు ఎంత బలం

- మస్ట్, షల్, హ్యావ్ టు: చేసి తీరాలి.
- మస్ట్ నాట్, షల్ నాట్, నిబంధనల్లో కెనాట్: చేయకూడదు.
- షుడ్, ఆట్ టు: చేయడం మంచిది. మానేస్తే అందుకు గట్టి కారణం ఉండాలి.
- హ్యాడ్ బెటర్: చేయకపోతే చెడు జరుగుతుందన్న హెచ్చరికతో కూడిన సలహా.
- మే, కెన్: చేయవచ్చు. ఇది అనుమతి. కొన్నిచోట్ల ‘జరగవచ్చు’ అని కూడా.
- మైట్, కుడ్: జరిగే అవకాశం ఉంది.
- నీడ్ నాట్, డోంట్ హ్యావ్ టు: అక్కర్లేదు. చేసినా తప్పు లేదు.

ఈ కొలత ఎవరో ఒక పంతులు పెట్టింది కాదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ తన పత్రాలు రాసేవారికి ఇదే నియమం విధించింది: తప్పనిసరికి ‘షల్’, సిఫారసుకు ‘షుడ్’, అనుమతికి ‘మే’, వీలుకు ‘కెన్’. ‘ఐ షల్, వుయ్ షల్’ అంటూ ‘షల్’ను భవిష్యత్ కాలం కింద బట్టీ పట్టిన మనం చట్టాల్లో దాన్ని అలా చదవకూడదు. మన మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షన్ నాలుగేళ్లు దాటిన ప్రతి వ్యక్తీ మోటారు సైకిల్ మీద హెల్మెట్ ధరించాలనడానికి ‘షల్’ వాడింది. యంత్రాల ప్రమాదకర భాగాలకు కంచె ఉండాలని చెప్పిన ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 21వ సెక్షన్‌లోనూ అదే మాట. రెండుచోట్లా ‘షల్’ ఆజ్ఞే. సామాన్యుడికి ఈ తికమక ఉండకూడదనే అమెరికా ప్రభుత్వ సరళభాషా మార్గదర్శకాలు ఆజ్ఞలకు ‘షల్’ బదులు ‘మస్ట్’ వాడమంటున్నాయి.

బోర్డు, నిబంధనల పుస్తకం చదివేటప్పుడు

*చేయవలసినవి*

1. క్రియకు ముందున్న చిన్న మాట మీద వేలు పెట్టి చదవండి. ఆ వాక్యం ఆజ్ఞా, సలహానా, అనుమతా, ఊహా అన్నది తేల్చుకున్నాకే పనిలోకి దిగండి.

2. ‘మస్ట్ నాట్’ కనిపించిన ప్రతిచోటా మనసులో ‘కూడదు’ అని అనుకోండి. ‘డోంట్ హ్యావ్ టు’ కనిపిస్తే ‘అక్కర్లేదు’ అనుకోండి. ఈ రెండు జంటలూ నాలుక మీద ఆడేలా చేసుకుంటే సగం ప్రమాదం తప్పినట్టే.

3. మాట అర్థం కాకపోతే గుర్తు చూడండి. అంతర్జాతీయ భద్రతా గుర్తుల్లో నీలి వృత్తం చేసి తీరవలసిన దానికి, అడ్డగీత ఉన్న ఎర్ర వృత్తం చేయకూడని దానికి, పసుపు త్రికోణం ప్రమాద హెచ్చరికకు వాడతారు.

4. అమెరికా పద్ధతిలో తయారైన యంత్రాల మీద మొదటి మాట చూడండి. అక్కడి ప్రమాణం ప్రకారం ‘డేంజర్’ అని ఉంటే, తప్పించుకోకపోతే చావో తీవ్ర గాయమో జరిగి తీరుతుందని అర్థం. అక్కడ వాడే మాట ‘విల్’. ‘వార్నింగ్’ అంటే చావో తీవ్ర గాయమో జరగవచ్చు. ‘కాషన్’ అంటే చిన్నదో మధ్యస్థమైనదో గాయం కావచ్చు. ఈ రెంటిలోనూ మాట ‘కుడ్’.

5. బ్రిటన్‌లో బండి నడపబోయేవారు అక్కడి హైవే కోడ్‌ను ఈ దృష్టితో చదవండి. 1931 నుంచి వెలువడుతున్న ఆ పుస్తకంలో పెద్ద అక్షరాల ‘మస్ట్’, ‘మస్ట్ నాట్’ ఉన్న ప్రతి నియమం వెనుకా ఒక చట్టం ఉంటుంది. దాన్ని మీరితే నేరం.

*చేయకూడనివి*

1. ‘షుడ్’ కనిపించగానే ‘ఇష్టమైతే చేయవచ్చు’ అని తేల్చేయకండి. తడి రోడ్డు మీద ముందు బండికి ఉంచే దూరం కనీసం రెట్టింపు ఉండాలని హైవే కోడ్ ‘షుడ్’తోనే చెబుతుంది. అది పాటించనంత మాత్రాన కేసు పెట్టరు. కాని గుద్దుకున్న తర్వాత తప్పెవరిదో తేల్చేటప్పుడు దాన్నే కోర్టులో సాక్ష్యంగా చూపవచ్చు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవారు 1997లో ‘షుడ్’కు ఒక నిర్వచనం ఇచ్చారు. దాని సారాంశం, సరైన కారణం ఉంటే పక్కన పెట్టవచ్చు గాని, పెట్టేముందు పర్యవసానాలన్నీ అర్థం చేసుకుని తూచి చూసుకోవాలన్నది. భద్రత విషయంలోనూ ‘షుడ్’ను అలాగే చూడాలి.

2. ‘మే నాట్’ను ఒకే అర్థంతో చదవకండి. ‘విజిటర్స్ మే నాట్ ఎంటర్’ అంటే సందర్శకులు లోపలికి రాకూడదు. ‘ది అలారం మే నాట్ సౌండ్’ అంటే అలారం మోగకపోవచ్చు. మొదటిది నిషేధం. రెండోది ‘అలారాన్ని నమ్ముకుని కూర్చోవద్దు’ అన్న హెచ్చరిక.

3. ‘మే కంటెయిన్ నట్స్’ అని చాక్లెట్ కాగితం మీద ఉంటే ‘ఉండవచ్చంటున్నారు, ఉండకపోనూవచ్చు’ అని తినేయకండి, ముఖ్యంగా పల్లీలో జీడిపప్పో పడని పిల్లలకు పెట్టకండి. పడనివారికి ఆ ‘మే’ ఒక్కటే చాలు, మానుకోవడానికి.

మందుల దగ్గర, ఆసుపత్రిలో

అర్థం తప్పితే అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే. విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు, అక్కడ చదువుకుంటున్న పిల్లలు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి.

*చేయవలసినవి*

1. ఆపరేషన్‌కు ముందు ‘యూ మస్ట్ నాట్ ఈట్ ఆర్ డ్రింక్’ అన్నారంటే అది నిషేధం. ‘తినే అవసరం లేదు’ అని కాదు. మత్తు ఇచ్చాక కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. తేలికపాటి ఆహారానికి కనీసం 6 గంటలు, మంచినీళ్లవంటి తేట పానీయాలకు 2 గంటలు ముందే ఆపడం సాధారణంగా మత్తు డాక్టర్లు పాటించే లెక్క. మీ ఆసుపత్రి చెప్పిన గంటలే మీకు ప్రమాణం. పాలు కలిపిన కాఫీ, టీ నీళ్ల లెక్కలోకి రావని గుర్తుంచుకోండి. ‘గుక్కెడు కాఫీయే కదా’ అని పెద్దవాళ్లకు ఇవ్వవద్దు. పొరపాటున తాగితే దాచకుండా చెప్పండి.

2. రక్తపరీక్షకు ముందు ‘యూ డోంట్ హ్యావ్ టు ఫాస్ట్’ అంటే ఉపవాసం అక్కర్లేదు. షుగరు ఉన్న పెద్దవాళ్లు దాన్ని ‘పరగడుపున రావాలి’ అని తలకిందులుగా అర్థం చేసుకుని, మందు మాత్రం వేసుకుని ఏమీ తినకుండా వెళితే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది.

3. ‘మే మేక్ యూ స్లీపీ’ అని మందు మీద ఉంటే, ఆ మందు మీకు ఎలా పనిచేస్తుందో తెలిసేవరకు బండి తీయకండి, మిషన్ ముట్టుకోకండి. అందరికీ మత్తు రాకపోవచ్చు. మీకు వస్తుందో రాదో రోడ్డు మీద తెలియకూడదు.

*చేయకూడనివి*

1. ‘కెన్’ను ‘మస్ట్’గా చదవకండి. పెద్దవాళ్లు 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒకటో రెండో, 24 గంటల్లో నాలుగుసార్ల దాకా వేసుకోవచ్చు అని కరపత్రంలో ఉంటుంది. ఇక్కడ ‘కెన్’ గరిష్ఠ హద్దు చెబుతోంది. జ్వరమో నొప్పో తగ్గిపోయాక కూడా నాలుగుసార్లూ పూర్తి చేయాలని కాదు.

2. అదే కరపత్రంలోని ‘డు నాట్’ను సలహాగా తీసుకోకండి. డోసుకూ డోసుకూ మధ్య కనీసం 4 గంటలు, రోజుకు 8 మాత్రలు మించకూడదు అన్నది నిషేధం. హద్దు దాటితే కాలేయం దెబ్బతింటుంది. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది కాబట్టి రెండూ కలిపి లెక్కపెట్టాలి.

3. డాక్టరు మర్యాదగా ‘యూ షుడ్’, ‘యూ మైట్ వాంట్ టు’ అన్నారని విషయాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇంగ్లీషువాళ్లు పెద్దమనిషికి చెప్పేటప్పుడు ఆజ్ఞను కూడా మెత్తని మాటలో చుట్టి ఇస్తారు. అప్పుడు అడగవలసిన ప్రశ్న: ‘ఇది తప్పనిసరా, మీ సలహానా? చేయకపోతే ఏమవుతుంది?’

కరెంటు దగ్గర, యంత్రాల దగ్గర

‘మస్ట్’కు ఆజ్ఞ కాని అర్థం ఇంకొకటి ఉంది. ‘ది పవర్ మస్ట్ బి ఆఫ్’ అన్న వాక్యానికి ‘కరెంటు ఆపి ఉండాలి’ అన్నది ఒక అర్థం. ‘కరెంటు ఆగిపోయే ఉంటుంది’ అన్నది రెండోది. మొదటిది నియమం, రెండోది ఊహ. ‘ఇట్ షుడ్ బి సేఫ్’ కూడా అంతే, ‘ఏమీ కాదనుకుంటా’ అనడమే. మన దగ్గరా ‘అన్నా, మెయిన్ ఆపారా?’ అంటే ‘అయ్యుంటుంది, వెళ్లు’ అంటారు. ఆ ‘అయ్యుంటుంది’ని నమ్ముకుని ప్యానెల్ తెరవడం ఎంత ప్రమాదమో, ‘మస్ట్ బి ఆఫ్’ను నమ్ముకుని తెరవడమూ అంతే ప్రమాదం.

*చేయవలసినవి*

1. ‘మస్ట్ బి’, ‘షుడ్ బి’, ‘మస్ట్ హ్యావ్’ అన్న జవాబు వస్తే పని ఆపండి. ‘హ్యావ్ యూ చెక్డ్?’ అని అడగండి. జవాబు ‘యెస్, ఐ చెక్డ్’ అని సూటిగా రావాలి.

2. ఎవరు ఏమి చెప్పినా స్విచ్ ఆపి, తాళం వేసి, మీ పేరున్న ట్యాగు తగిలించి, టెస్టర్‌తో మీరే స్వయంగా చూసుకోండి. టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందూ వెనుకా కరెంటు ఉన్నచోట పెట్టి చూడండి. అమెరికా పనిచోట్ల భద్రతా నియమాల్లో ఈ తాళం, ట్యాగు పద్ధతి 1990 నుంచి తప్పనిసరి.

3. తిరిగే బిట్టు, చక్రం, షాఫ్టు ఉన్నచోట గ్లౌజులు, వదులు చేతుల చొక్కా, మెడలో వేలాడే తువ్వాలు ఉండకూడదు.

*చేయకూడనివి*

1. షిఫ్టు మారేటప్పుడు ‘వాల్వ్ మస్ట్ బి క్లోజ్డ్’ అని పుస్తకంలో రాయకండి. చదివేవాడికి అది పని చెప్పడమో, జరిగిన పని చెప్పడమో తెలియదు. ‘వాల్వ్ మూశాను, 6 గంటలకు చూశాను’ అన్నంత సూటిగా రాయండి.

2. గడిచినదాన్ని చెప్పే ‘షుడ్ హ్యావ్’ను ‘చేశారు’ అని అర్థం చేసుకోకండి. ‘హి షుడ్ హ్యావ్ క్లోజ్డ్ ఇట్’ అంటే అతను మూసి ఉండవలసింది. చాలాసార్లు దాని అర్థం మూయలేదనే.

మీరు చెప్పేటప్పుడు

అర్థం చేసుకోవడం ఎంత ముఖ్యమో, ఎదుటివాడికి అర్థమయ్యే బలంతో చెప్పడమూ అంతే ముఖ్యం. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వెళ్లిన ఏవియాంకా 52వ నంబరు విమానం ఇంధనం పూర్తిగా అయిపోయి కూలింది. ఉన్న 158 మందిలో 73 మంది చనిపోయారు. ఇంధనం తగ్గుతోందని, ముందుగా దిగనివ్వాలని సిబ్బంది నేలమీదివారికి చెప్పారు గాని, ‘ఎమర్జెన్సీ’ అన్న ఒక్క మాట చెప్పలేదు. విన్నవారికి ప్రమాదం తీవ్రత అందలేదు.

సముద్రం మీద పనిచేసేవారు ఈ సమస్యకు స్పష్టమైన పరిష్కారం కనుక్కున్నారు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక వాక్యాల పుస్తకం ‘మే’, ‘మైట్’, ‘షుడ్’, ‘కుడ్’ అన్న మాటలకు రకరకాల అర్థాలు వస్తాయి కాబట్టి ఓడల మధ్య సంభాషణలో వాటిని వాడవద్దంటుంది. ‘మీరు అపాయంలోకి వెళుతూ ఉండవచ్చు’ అని ‘కుడ్’తో చెప్పకూడదు. ముందు ‘వార్నింగ్’ అని పలికి, ‘మీరు అపాయంలోకి వెళుతున్నారు’ అనాలి. ‘ఫలానాచోట లంగరు వేస్తే మంచిది’ అని ‘షుడ్’తో చెప్పకూడదు. ‘అడ్వైస్’ అని పలికి, ‘ఫలానాచోట లంగరు వేయండి’ అనాలి. ‘మే ఐ ఎంటర్?’ అని అడగకూడదు. ‘క్వశ్చన్’ అని పలికి, ‘లోపలికి రావడానికి అనుమతి ఉందా?’ అనాలి. ఆజ్ఞా, సలహానా, హెచ్చరికా, ప్రశ్నా అన్నది ముందే చెప్పేస్తే వినేవాడు ఊహించుకోవలసిన పని ఉండదు. నేలమీద పనిచేసే మనకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

*చేయవలసినవి*

1. ప్రమాదం కళ్లెదుట ఉంటే చిన్న వాక్యం, గట్టి గొంతు: ‘స్టాప్!’, ‘గెట్ అవుట్!’, ‘డోంట్ టచ్!’. అక్కడ ‘ప్లీజ్’ లేకపోయినా ఎవరూ తప్పు పట్టరు.

2. మీ పైవాడికి చెప్పడానికి మొహమాటం ఉంటే విషయాన్ని ముందు పెట్టండి: ‘సార్, దిస్ ఈజ్ ఎ సేఫ్టీ ప్రాబ్లమ్. వుయ్ మస్ట్ స్టాప్.’ గౌరవం ‘సార్’లో ఉంది, బలం ‘మస్ట్’లో ఉంది. రెండూ ఒకే వాక్యంలో ఇముడుతాయి.

3. చెప్పాక ఎదుటివాడి చేత తిరిగి చెప్పించండి.

*చేయకూడనివి*

1. ‘ఐ థింక్ మేబీ వుయ్ షుడ్’ అంటూ గ్యాస్ లీకు గురించి చెప్పకండి. మూడు మెత్తని మాటల వెనుక లీకు వాసన ఎవరికీ అందదు.

2. పెద్దవాళ్లతో, పై అధికారులతో ‘యూ బెటర్ టేక్ రెస్ట్ సార్’ అనకండి. ‘విశ్రాంతి తీసుకుంటే మంచిదండీ’ అనే ఉద్దేశంతో మనం అంటాం. వాళ్ల చెవికి అది బెదిరింపులా వినిపిస్తుంది. ‘యూ షుడ్ టేక్ సమ్ రెస్ట్, సార్’ అంటే చాలు.

3. ప్రతిదానికీ ‘మస్ట్’ వాడకండి. ‘యూ మస్ట్ కమ్ ఫర్ డిన్నర్’ అని పిలవడం ఆత్మీయతే. పనిచోట మాత్రం చిన్నాపెద్దా అన్నిటికీ ‘మస్ట్’ అంటే నిజంగా ప్రాణం మీదికొచ్చే ‘మస్ట్’ను ఎవరూ లెక్కచేయరు.

బోర్డులు, సూచనలు రాయించే అధికారులకు

1. తప్పనిసరికి ‘మస్ట్’, సలహాకు ‘షుడ్’, నిషేధానికి ‘డు నాట్’ అని ఒకే పద్ధతి పెట్టుకోండి. ఒకే కాగితంలో ‘షల్’, ‘మస్ట్’, ‘షుడ్’ కలగలపకండి.

2. తెలుగువాళ్లు పనిచేసేచోట తెలుగులోనూ రాయించండి. ‘తప్పనిసరి’, ‘కూడదు’, ‘మంచిది’, ‘అక్కర్లేదు’ అన్న నాలుగు మాటలతో ఏ సూచననైనా తేటగా రాయవచ్చు. తెలుగు ‘చేయాలి’ ఒంటరిగా ఉంటే సలహాగా జారిపోతుంది. ఆజ్ఞ అయితే ‘తప్పనిసరిగా’ అని ముందు చేర్చండి.

3. ఇంగ్లీషు సూచనను మాట వెంట మాటగా తెలుగులోకి దించకండి. ‘మస్ట్ నాట్’ను ‘తప్పనిసరి కాదు’ అని తర్జుమా చేసిన బోర్డు, అసలు బోర్డు లేకపోవడం కన్నా ప్రమాదం.

4. కొత్తవాడికి బోర్డు చూపించి సంతకం పెట్టించుకుంటే సరిపోదు. ‘ఇందులో ఏమి చేయకూడదని ఉంది?’ అని అడిగి అతని నోట చెప్పించండి.

కంఠతా పట్టవలసిన మూడు ప్రశ్నలు

ఇంగ్లీషు ఎంత వచ్చినా, ఎంత రాకపోయినా ఈ మూడూ నోటికి రావాలి.

- ‘ఈజ్ దిస్ ఎ రూల్ ఆర్ అడ్వైస్?’ అంటే, ఇది నియమమా, సలహానా?
- ‘డూ యూ మీన్ ఐ మస్ట్ నాట్, ఆర్ ఐ డోంట్ హ్యావ్ టు?’ అంటే, కూడదనా, అక్కర్లేదనా?
- ‘డూ యూ నో, ఆర్ డూ యూ థింక్ సో?’ అంటే, తెలిసి చెబుతున్నారా, అనుకుని చెబుతున్నారా?

ఇలా అడిగితే ఇంగ్లీషు రానివాడనుకుంటారేమోనన్న బిడియం మనలో చాలామందికి ఉంది. తలూపి ‘ఓకే సార్’ అనేస్తాం. ఓడ నడిపే కెప్టెన్లకే అనుమానం లేకుండా మాట్లాడడానికి ప్రత్యేకంగా ఒక పుస్తకం రాయవలసి వచ్చింది. మనం అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. అర్థం కాని ఆజ్ఞకు తలూపకండి. అడిగి, స్పష్టంగా తెలుసుకుని, అప్పుడే పనిలో చెయ్యి పెట్టండి.